కారు ముందే చెబుతుంది

(సిబ్బంది కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కారు గురించి మాట్లాడాలంటే మెకానిక్‌ని పిలవాలి గానీ బ్యాంకు ఆఫీసరుని ఎందుకు పిలిచారని మీకు అనిపించవచ్చు. న్యాయమైన సందేహమే. ఇంజిన్ విప్పడం నాకు రాదు, మీకు నేర్పించే ఉద్దేశం కూడా లేదు. బండి పాడయ్యే ముందు మనకు ఏం చెబుతుంది, ఆ మాట ఇంట్లో ఎవరు వినాలి, విన్నాక ఏం చేయాలి అన్న మూడు సంగతులే ఈ అరగంటలో చెప్పదలచుకున్నాను.

మన ఉద్యోగాల్లో కారుకు రెండు రకాల బతుకు ఉంటుంది. మొదటిది, ఆఫీసరు బదిలీ మీద వేరే రాష్ట్రానికి వెళ్తారు, కారు ఇంటి దగ్గర ఉంటుంది. పిల్లల కోచింగ్‌కి, అత్తగారి ఆస్పత్రికి, కూరగాయలకి ఇంట్లో ఉన్నవారే నడుపుతారు, లేదా రోజుల తరబడి షెడ్డులోనే ఉంటుంది. రెండోది, ఆఫీసరు కారు తనతోనే తీసుకెళ్తారు. రెండో శనివారం, నాలుగో శనివారం వస్తున్నాయంటే శుక్రవారం సాయంత్రం క్లోజింగ్ అవగానే మూడు వందల కిలోమీటర్లు ఇంటికి, మళ్లీ ఆదివారం రాత్రి మూడు వందల కిలోమీటర్లు బ్రాంచికి. సోమవారం పదింటికి కౌంటర్ తెరవాలి కాబట్టి మధ్యలో ఆగి బండి చూసుకునే తీరిక ఉండదు.

ఈ రెండు సందర్భాల్లోనూ ప్రమాదం ఒకటే. కారు ఏదో చెబుతూ ఉంటుంది, వినేవాళ్లు ఉండరు.

2022 సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో అధిక భాగం అతివేగం వల్లే. బండి లోపాల వాటా దానితో పోలిస్తే చిన్నది. అయినా అతివేగంతో వచ్చే ఎదుటివాడు మన చేతిలో లేడు. మన టైరులో గాలి, మన బ్రేకు మన చేతిలో ఉన్నాయి. చేతిలో ఉన్నదాన్ని సరిగా ఉంచుకుందాం.

ఎస్ఎంఏ దశలోనే పట్టుకోవాలి

బ్యాంకు కుటుంబాల వాళ్లం కాబట్టి మనకు తెలిసిన లెక్కలోనే చెబుతాను. ఏ అప్పు ఖాతా అయినా ఒక్క రాత్రిలో ఎన్‌పీఏ కాదు. వాయిదా తప్పిన 30 రోజుల వరకు ఎస్ఎంఏ-0, 31 నుంచి 60 రోజులు ఎస్ఎంఏ-1, 61 నుంచి 90 రోజులు ఎస్ఎంఏ-2. 90 దాటితేనే ఎన్‌పీఏ. మొదటి దశలో ఒక ఫోను చేస్తే సరిపోయే పనికి, చివరి దశలో లాయరు నోటీసు కావాలి.

కారులోనూ అచ్చంగా ఇదే. బ్రేకు ప్యాడు అరిగినప్పుడు సన్నగా కీచుమంటుంది. అది ఎస్ఎంఏ-0. అప్పుడు మారిస్తే కొన్ని వేలతో అయిపోతుంది. పట్టించుకోకపోతే ఇనుము ఇనుముని రాసుకుని గరగరమంటుంది. అప్పటికి డిస్కు కూడా పోయి ఖర్చు రెట్టింపు దాటుతుంది. ఇంకా నడిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అక్కడ రైటాఫ్ అయ్యేది డబ్బు ఒక్కటే కాదు.

మేనేజ్‌మెంట్ చదువులో మాకు ఒక పాఠం ఉండేది. 1971 ప్రాంతంలో జపాన్‌లో టొయోటా గ్రూపుకు చెందిన నిప్పన్‌డెన్సో అనే విడిభాగాల సంస్థ, యంత్రాల నిర్వహణను మెకానిక్‌ల విభాగానికే వదిలేయకుండా, ఆ యంత్రం మీద రోజూ పనిచేసే కార్మికుడికి కూడా అప్పగించింది. తుడవడం, నూనె చూడడం, బోల్టులు బిగించడం, కొత్త శబ్దం వస్తే చెప్పడం అతని పని. పెద్ద రిపేరు మాత్రం నిపుణులది. రోజూ యంత్రం పక్కన నిలబడేవాడికి దాని మామూలు శబ్దం ఏదో తెలుసు, కాబట్టి తేడా అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. మన ఇంటి కారు విషయంలో ఆ కార్మికుడి స్థానం మనది. డ్రైవింగ్ రాకపోయినా పక్క సీట్లో రోజూ కూర్చునే వారిది కూడా.

టైర్లు: నెలకు రెండుసార్లు పది నిమిషాలు

కారు బరువంతా నేలను తాకేది నాలుగు అరచేతులంత జాగాలో. అందుకే మొదట టైరు.

గాలి ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన ఫ్రేము మీద, కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపల, స్టిక్కరు మీద ఉంటుంది. మామూలు కార్లకు 30 నుంచి 35 మధ్య ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత పెట్టాలో కూడా దాని మీదే రాసి ఉంటుంది. టైరు పక్క గోడ మీద అచ్చువేసిన పెద్ద అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. బంకులో కుర్రాడు అది చూసి గాలి నింపితే మీరు ఆపాలి.

గాలి చూడాల్సింది బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే ఇంటి నుంచి రెండు మూడు కిలోమీటర్లలోపు. హైవే మీద గంట నడిపాక చూస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. ఎక్కువ ఉందని అప్పుడు గాలి తీసేయకండి.

ఎండాకాలంలో టైరు పేలకుండా గాలి తగ్గించి పెట్టాలని చాలామంది చెబుతారు. అది పొరపాటు మాట. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతుంది. వంగినకొద్దీ లోపల వేడి పుడుతుంది. దానికి రోహిణి కార్తె ఎండ, నిండా లోడు, వంద దాటిన వేగం కలిస్తే పక్కగోడ చిట్లిపోతుంది. ఎండాకాలంలోనూ స్టిక్కరు మీద ఉన్న అంకే సరైనది.

ఇక అరుగుదల. టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి పైభాగం ఆ గట్లతో సమానమైందంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. చట్టం ప్రకారం కూడా అదే హద్దు. వాన రోడ్డు మీద నీటిని పక్కకు నెట్టేది ఆ గాడులే. అవి లేకపోతే బండి నీటి మీద తేలి జారుతుంది.

అరిగిన తీరు కూడా చూడండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిచింది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువైంది. ఒకవైపే అరిగితే వీల్ అలైన్‌మెంట్ తప్పింది. పక్కగోడ మీద బుగ్గలా ఉబ్బు కనిపిస్తే లోపలి పోగులు తెగాయని అర్థం. ఆ టైరుతో హైవే ఎక్కవద్దు, ఆ రోజే మార్చండి.

టైరుకు పుట్టినతేదీ కూడా ఉంటుంది. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య వెతకండి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. తక్కువ తిరిగే బండ్లలో గాడులు కొత్తగానే ఉన్నా రబ్బరు ముసలిదై సన్నని పగుళ్లు వస్తాయి. అయిదారేళ్లు దాటితే ఒకసారి టైర్ల షాపులో చూపించండి. స్టెప్నీని మరచిపోవద్దు. అవసరం వచ్చిన రాత్రి డిక్కీ తెరిస్తే దానిలోనూ గాలి లేకపోవడం మన ఇళ్లలో చాలా మామూలు విషయం.

బానెట్ ఎత్తితే చూడాల్సినవి

నెలకు ఒకసారి, ఆదివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న నేల మీద బానెట్ ఎత్తండి. పిల్లల్ని కూడా పిలవండి. వాళ్లు మనకంటే త్వరగా నేర్చుకుంటారు.

మొదట ఇంజిన్ ఆయిల్. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. కొద్దిగా నల్లబడడం సహజం. కాఫీలో పాలు కలిసినట్టు కనిపిస్తే మాత్రం ఆయిల్లో నీరు కలుస్తోందని అనుమానించాలి. బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌కి ఫోను చేయండి.

రెండోది కూలెంట్. తెల్లని ప్లాస్టిక్ డబ్బాలో రంగు ద్రవం కనిపిస్తుంది, దానికీ రెండు గుర్తులు ఉంటాయి. తగ్గితే కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి. కుళాయి నీళ్లు పోస్తూ ఉంటే మన ప్రాంతాల ఉప్పునీటికి లోపల పొక్కు కడుతుంది. నెల నెలా తగ్గుతూ ఉంటే పోయడంతో సరిపెట్టుకోకుండా ఎక్కడ కారుతోందో కనిపెట్టించాలి.

మూడోది బ్రేకు ఆయిల్. ఇది తగ్గిందంటే ప్యాడ్లు అరిగాయి, లేదా ఎక్కడో లీకవుతోంది. రెండూ చూపించాల్సినవే. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి లోపల ఆవిరి బుడగలు వచ్చి పెడల్ మెత్తబడుతుంది. అందుకే నిండుగా ఉన్నా సాధారణంగా రెండేళ్లకోసారి మార్పిస్తారు. మీ బండికి ఎంత గడువో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది.

నాలుగోది బ్యాటరీ. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే శుభ్రం చేయించాలి. మన వేడికి బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బరువుగా, నిద్రమత్తులో ఉన్నట్టు తిరిగితే, లైట్లు మందగిస్తే, అది చెబుతున్నట్టే. ఒకసారి షాపులో పరీక్ష చేయించడానికి అయిదు నిమిషాలు చాలు.

అయిదోది వైపర్ నీళ్లు, వైపర్ రబ్బరు. ఎండకు రబ్బరు గట్టిపడుతుంది. మృగశిర కార్తెలోపే మార్పించుకుంటే మొదటి వానలో ఎదుటి లారీ లైట్లు అద్దం మీద చెదిరిపోవు.

సీఎన్‌జీ బండి ఉన్నవారికి ఇంకొక్క మాట. సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు తప్పనిసరి. తేదీ సిలిండరు మీది ప్లేటులో ఉంటుంది. మీ ఇంటి క్యాలెండరులో కూడా రాసుకోండి. ఎలక్ట్రిక్ కారు కొన్నవారు ఇవేవీ మాకు లేవనుకోవద్దు. టైర్లు, బ్రేకులు, వైపర్లు, చాలా బండ్లలో కూలెంటు, చిన్న బ్యాటరీ వాటికీ ఉన్నాయి.

డాష్‌బోర్డు దీపాలు

తాళం తిప్పగానే దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరిపోతాయి. అవి పనిచేస్తున్నాయని చూపించడానికే అలా వెలుగుతాయి. నడుస్తుండగా వెలిగితేనే విషయం ఉన్నట్టు. రంగు గుర్తుపెట్టుకోండి. ఎరుపు అంటే ఇప్పుడే ఆపు. పసుపు అంటే త్వరలో చూపించు. ఆకుపచ్చ, నీలం సమాచారం కోసమే.

నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజిన్‌కి ఆయిల్ అందడం లేదు. ఇంకో రెండు కిలోమీటర్లలో బంకు ఉందిలే అనుకోవద్దు. పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. లేకపోతే ఇంజిన్ సీజ్ అవుతుంది, బాగుచేయడానికి లక్ష దాకా పోవచ్చు. వేడి సూచించే బొమ్మ ఎర్రగా వెలిగినా, ముల్లు పైకి పోయినా, ఏసీ కట్టేసి పక్కకు ఆపండి. ఆపే చోటు లేకపోతే అక్కడిదాకా హీటరు ఫుల్లుగా పెట్టి మెల్లగా నడపండి, ఇంజిన్ వేడిని అది కొంత బయటికి లాగుతుంది. ఆపిన తర్వాత రేడియేటరు మూత మాత్రం తీయకండి. లోపల కూలెంటు ఒత్తిడిలో మరుగుతూ ఉంటుంది, ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట చల్లారాలి. ప్రెషర్ కుక్కరు మూత వేడి మీద తీయకూడదని మన వంటింట్లో అందరికీ తెలుసు. ఇక్కడా అదే సూత్రం.

బ్యాటరీ బొమ్మ నడుస్తుండగా ఎర్రగా వెలిగితే చార్జింగ్ ఆగిపోయింది. బ్యాటరీలో మిగిలినదానితో కొంతదూరం వెళ్లవచ్చు. రాత్రయితే హెడ్‌లైట్లు కూడా దాని మీదే ఆధారపడతాయి కాబట్టి దగ్గర ఊళ్లో ఆగండి. బ్రేకు దీపం వెలిగితే ముందు హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించారో లేదో చూడండి. దించినా వెలుగుతోందంటే నడపవద్దు. పసుపు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలిగితే రెండు మూడు రోజుల్లో చూపించండి. అదే బొమ్మ టిప్‌టిప్‌మని ఆరి వెలుగుతుంటే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపండి.

చెవి, ముక్కు, చెయ్యి, కాలు

దీపాలకు తెలియనివి మన శరీరానికి తెలుస్తాయి.

చెవి. పొద్దున స్టార్ట్ చేయగానే సన్నని కూత వచ్చి ఆగితే బెల్టు వదులైంది, లేదా పాతబడింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెళ్తుంటే టిక్‌టిక్‌మంటే ముందు చక్రాల యాక్సిల్ జాయింటు. గుంతల్లో టకటకలాడితే సస్పెన్షన్ బుష్‌లు, లింకులు. వేగంతో పాటు పెరిగే హోరు అయితే వీల్ బేరింగ్ కావచ్చు.

ముక్కు. తియ్యని వాసన వస్తే కూలెంటు కారుతోంది. కాలిన వాసన ఘాట్ దిగాక బ్రేకుల నుంచి వస్తే ఆగి చల్లారనివ్వండి, దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఎక్కేటప్పుడు క్లచ్ దగ్గర కాలిన వాసన వచ్చి, ఇంజిన్ అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగింది. పెట్రోలు వాసన వస్తే మాత్రం మారు ఆలోచన వద్దు, బండి ఆపి అందరూ దిగండి.

చెయ్యి. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ ఒక పక్కకు లాగితే ముందు గాలి చూడండి, సరిగా ఉంటే అలైన్‌మెంట్ చేయించండి. ఎనభై దాటాక స్టీరింగ్ వణికితే చాలాసార్లు వీల్ బ్యాలెన్సింగ్. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కులు.

కాలు. బ్రేకు పెడల్ దూదిలా మెత్తగా దిగిపోతే, రెండు మూడుసార్లు తొక్కితేగానీ పట్టకపోతే, ఆ బండిని షెడ్డు దాకా కూడా నడపకండి. మెకానిక్‌నే పిలిపించండి, లేదా లాగించుకెళ్లండి.

కళ్లకు కూడా పని ఉంది. రాత్రి బండి నిలిపిన చోట పొద్దున నేల చూడండి. ఏసీ వాడాక ముందు సీట్ల కింద స్వచ్ఛమైన నీళ్లు పడితే కంగారు వద్దు, అది మామూలే. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. పచ్చగా, గులాబీ రంగులో ఉంటే కూలెంటు. చక్రం లోపలి వైపు జిడ్డు కారితే బ్రేకు ఆయిల్ కావచ్చు, అది అన్నిటికంటే తొందర. సైలెన్సర్ పొగ నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, నల్లగా ఉంటే ఇంధనం ఎక్కువ పోతోంది, ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టమైన తెల్లపొగ వస్తుంటే కూలెంటు లోపలికి చేరుతోంది.

మా సహోద్యోగి ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాను. ఆయన వేరే రాష్ట్రంలో, భార్య, ఇద్దరు పిల్లలు ఇక్కడ. వెనక సీట్లో కూర్చునే చిన్నబ్బాయి వారం రోజుల పాటు "అమ్మా, బ్రేకు వేస్తే నా వైపు ఏదో గీకుతోంది" అంటున్నాడు. ముందు కూర్చున్నవారికి ఏసీ హోరులో వినిపించలేదు. ఆవిడ ఆ మాట కొట్టిపారేయకుండా శనివారం షాపుకి తీసుకెళ్లారు. వెనక చక్రం బ్రేకు లైనింగ్ పూర్తిగా అయిపోయి ఉంది. ఆ మర్నాడు వాళ్లు శ్రీశైలం బయలుదేరాల్సి ఉంది. ఆ ఘాట్ రోడ్డు ఎలా ఉంటుందో వెళ్లినవారికి చెప్పనక్కర్లేదు.

కదలని కారు కూడా పాడవుతుంది

బదిలీ కుటుంబాలకు ఇది ముఖ్యం. వారానికోసారి ఇంజిన్ ఆన్ చేసి అయిదు నిమిషాలు ఉంచితే చాలనుకుంటారు. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయిన చార్జింగ్ కూడా అందులో సరిగా నిండదు. వారానికోసారి ఇరవై, ముప్పై నిమిషాలు నడపాలి. బ్యాటరీ నిండుతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోవు, బ్రేకులు పట్టేయవు, ఏసీ కూడా తిరుగుతుంది. నెలకు మించి నడిపేవారే లేకపోతే మెకానిక్‌తో బ్యాటరీ నెగటివ్ తీగ తీయించి పెట్టుకోండి. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచితే పట్టేసే అవకాశం ఉంది. సమనేల మీద గేరులో వేసి, చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టడం మేలు.

స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి చూడండి. ఎలుకలు వైర్లు కొరకడం అపార్ట్‌మెంట్ సెల్లార్లలో రోజూ వింటున్నదే. గడ్డి, పీచు, పెంకులు కనిపిస్తే వైర్లు చూపించాకే తాళం తిప్పండి.

వాన, వరద, పాలసీ

2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీట మునిగాయో మనం చూశాం. మన సిబ్బంది ఇళ్లు కూడా ఆ కాలనీల్లో ఉన్నాయి. గుర్తుంచుకోవాల్సింది ఒకటే. నీట మునిగిన కారును, నీళ్లలో ఆగిపోయిన కారును, మళ్లీ స్టార్ట్ చేయకూడదు. ఇంజిన్ లోపలికి చేరిన నీరు గాలిలా నొక్కుకోదు. సెల్ఫ్ కొట్టగానే లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. అప్పటిదాకా ఆరబెట్టి, ఆయిల్ మార్చి బాగుచేయగలిగిన ఇంజిన్ ఆ ఒక్క తాళంతో తుక్కవుతుంది. పైగా వరద నష్టానికి పాలసీ వర్తించినా, మునిగాక స్టార్ట్ చేయడం వల్ల పోయిన ఇంజిన్ దగ్గర క్లెయిము పేచీ పడుతుంది. ఇంజిన్ రక్షణ అనే అదనపు కవరు ఉందో లేదో మీ పాలసీలో ఈ రాత్రే చూసుకోండి. కారు మునిగితే ఫొటోలు తీసి, బీమా కంపెనీకి తెలియజేసి, లాగించుకెళ్లండి.

పాలసీ గురించే ఇంకో మాట. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. మన బండికి జరిగే నష్టానికి ఉండే భాగం మాత్రం చాలామందికి ఏడాదికే ఉంటుంది. మూడేళ్లు ఉందిలే అనుకుని అది వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. గడువు దాటి 90 రోజులు గడిస్తే, క్లెయిములు లేకుండా సంపాదించుకున్న 20 నుంచి 50 శాతం బోనస్ కూడా పోతుంది. ఎదుటివారి ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు గుర్తుచేసే మనం, మన పాలసీ గడువు మరచిపోకూడదు కదా.

షెడ్డులో ఎలా మాట్లాడాలి

మన మహిళా సభ్యులు చాలామంది చెప్పే ఇబ్బంది ఇది. "మేడమ్, సార్‌తో ఒకసారి ఫోను చేయించండి" అంటారట. దానికి మందు ఒక చిన్న నోటుబుక్కు. శబ్దం వస్తోంది అని మాత్రమే చెప్పకుండా నాలుగు సంగతులు రాసుకుని వెళ్లండి. ఎప్పుడు వస్తోంది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎటువైపు నుంచి? ఎంత వేగంలో? ఏం చేస్తే, బ్రేకు వేస్తేనా, తిప్పితేనా, గుంతలోనా? వీలైతే పక్కన కూర్చున్నవారు ఫోనులో ఆ శబ్దం రికార్డు చేయండి. ఇలా చెప్పినవారితో మెకానిక్ మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు ఎస్టిమేట్ రాయించుకోండి. శాంక్షన్ లెటర్ చదివినట్టే జాబ్‌కార్డు చదవండి. "ఇందులో ఇప్పుడే చేయాల్సినవి ఏవి, వచ్చే సర్వీసు దాకా ఆగగలిగినవి ఏవి?" అని అడగండి. మంచి మెకానిక్ ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతాడు. ఇంజిన్ క్లీనింగ్, కోటింగ్, ట్రీట్‌మెంట్ అంటూ వేలల్లో అదనం రాస్తే, ఓనర్స్ మాన్యువల్‌లోని సర్వీసు పట్టికలో ఉందో లేదో చూడండి. మార్చిన పాత భాగాలు చూపించమనండి. మరోవైపు, బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ దగ్గర మాత్రం బేరం, వాయిదా రెండూ వద్దు. పొదుపు చేయాల్సిన చోట్లు ఇంకా చాలా ఉన్నాయి.

దూరప్రయాణానికి ముందు

బయలుదేరే ముందురోజు పగలు చూసుకోండి, బయలుదేరే గంటలో వద్దు. అయిదు టైర్ల గాలి, ఆయిల్, కూలెంటు, బ్రేకు ఆయిల్, అన్ని లైట్లు, వైపర్లు, జాకీ, స్పానరు, ఎర్ర త్రికోణం, టార్చిలైటు. స్టెప్నీ మిగతా టైర్లకంటే సన్నగా ఉంటే దాని మీద రాసిన వేగం, చాలావాటికి 80 కిలోమీటర్లు, దాటకూడదు.

హైవే మీద బండి ఆగిపోతే పూర్తిగా ఎడమకు తీసి, నాలుగు ఇండికేటర్లు వేసి, త్రికోణాన్ని వెనక దూరంగా పెట్టండి. తర్వాత అందరూ దిగి రెయిలింగ్ అవతల నిలబడండి. ఆగిన కారులో కూర్చోవడం, దాని వెనక నిలబడడం రెండూ ప్రమాదమే. జాతీయ రహదారుల సహాయానికి 1033, అంబులెన్సుకు 108, ఏ అత్యవసరానికైనా 112. ఈ మూడు అంకెలు ఇంట్లో అందరి ఫోనుల్లో ఉండాలి.

చివరగా ఒక మనవి. ఈ చెప్పినవన్నీ తెలిసిన ఇళ్లలో కూడా తరచూ జరిగేది ఏమిటంటే, పక్కన కూర్చున్నవారు ఏదో శబ్దం వస్తోందంటే, నడిపేవారు "నాకు తెలుసులే" అంటారు. రాత్రి పదయింది, పొద్దున బ్రాంచి ఉంది, ఇప్పుడు ఎవరు ఆపుతారు అంటారు. మన క్యాష్ రూములో తాళాలు రెండు, ఇద్దరి దగ్గర ఉంటాయి. ఎంత సీనియర్ అయినా ఒక్కరే తెరవలేరు. ఎవరి మీదో అనుమానంతో పెట్టిన పద్ధతి కాదది, ఎవరైనా అలసిపోతారని తెలిసి పెట్టింది. కారుకి కూడా రెండో తాళం పెట్టుకుందాం. ఇంట్లో ఎవరికి అనుమానం వచ్చినా, పదేళ్ల పిల్లకైనా, డెబ్బై ఏళ్ల మామగారికైనా, "బండి ఆపు, చూద్దాం" అనే హక్కు ఉండాలి. ఆ మాటకి నడిపేవారు విసుక్కోకూడదు. చూస్తే ఏమీ లేకపోవచ్చు, పది నిమిషాలు పోతాయి. సోమవారం పది నిమిషాలు ఆలస్యమైతే మేనేజరుగారికి మనం జవాబు చెప్పుకోగలం.

ఆదివారం పొద్దున అందరూ ఒకసారి బానెట్ ఎత్తుతారని ఆశిస్తున్నాను.